సరిహద్దు నేలలే చీల్చిన సంఘం: రోమన్ సామ్రాజ్య విభజన, తూర్పు పడమర చర్చిల ఎడబాటు

రోమన్ సామ్రాజ్యం 395లో రెండయిందనీ, క్రైస్తవ సంఘం 1054లో రెండుగా చీలిందనీ చరిత్ర పుస్తకాలు రెండు తేదీలు చెబుతాయి. తేదీలు తప్పు కావు గాని, ఆ సంవత్సరాల్లో బతికిన వారికి అవి విభజన తేదీలుగా తోచలేదు. 395 జనవరి 17న మిలాన్‌లో థియొడోసియస్ చక్రవర్తి కన్నుమూసినప్పుడు పెద్దకొడుకు ఆర్కేడియస్‌కు కాన్‌స్టాంటినోపుల్, పదేళ్ల హొనోరియస్‌కు పశ్చిమం దక్కాయి. చట్టాలు మాత్రం ఆ తర్వాత కూడా అన్నదమ్ములిద్దరి పేర్ల మీదే వెలువడ్డాయి. సామ్రాజ్యం ఒకటే, ఏలేవారు ఇద్దరు అన్నదే నాటి జనం లెక్క. 1054 సంగతీ దాదాపు ఇంతే. ఆ తర్వాత 35 ఏళ్లకు, 1089లో, ప్రార్థనల్లో తన పేరు ఎందుకు తలచడం లేదని పోపు రెండో అర్బన్ అడిగితే, అలెక్సియస్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో మతపెద్దలను పిలిచి ఆరా తీయించాడు. రోమ్‌తో తెగదెంపులు చేసుకున్నట్టు ఒక్క అధికారిక పత్రం కూడా దొరకలేదు.

చీలిందని చీలినవారికే తెలియని ఈ చీలికకు కారణం సాధారణంగా వేదాంతంలో వెతుకుతారు. పరిశుద్ధాత్మ తండ్రి నుంచి మాత్రమే బయలుదేరుతాడా, కుమారుని నుంచి కూడానా అన్న ప్రశ్న, ప్రభురాత్రి భోజనానికి పులిసిన రొట్టె వాడాలా, పులియనిదా అన్న ప్రశ్న, పోపు అధికారం ఎంతవరకు అన్న ప్రశ్న అక్కడ వరసగా కనిపిస్తాయి. ఇవి ఉత్తుత్తి ప్రశ్నలు కావు. అయితే ఈ భేదాలలో చాలావాటిని రెండు పక్షాలూ ఎరిగి ఉండి కూడా తరాల తరబడి కలిసే నడిచాయి. అవి ఎప్పుడెప్పుడు భగ్గుమన్నాయో చూస్తే, దాదాపు ప్రతిసారీ ఏదో ఒక నేల ఎవరి కిందికి రావాలన్న తగాదా పక్కనే కనిపిస్తుంది. ఆ నేలలు కూడా ఎక్కడో లేవు; తూర్పు, పడమరల మధ్య పరిపాలన కోసం గీసిన గీతకు అటూ ఇటూ ఉన్న ఇల్లీరికం (బాల్కన్ ప్రాంతం), బల్గేరియా, దక్షిణ ఇటలీలే అవి.

ఆ గీత గీసినవాడు క్రైస్తవుడు కాడు సరికదా, క్రైస్తవులను తీవ్రంగా హింసించిన చక్రవర్తి. 284లో గద్దెనెక్కిన డయోక్లీషియన్ ఇంత పెద్ద సామ్రాజ్యాన్ని ఒక్కడే ఏలడం కుదరదని తేల్చుకుని, 286లో మాక్సిమియన్‌ను సహచక్రవర్తిగా పశ్చిమానికి నియమించాడు. 293లో మరో ఇద్దరు ఉపచక్రవర్తులను చేర్చి నలుగురి పాలన తెచ్చాడు. తాను ఆసియా మైనర్‌లోని నికోమీడియాలో మకాం పెట్టాడు. పాలకులు సరిహద్దు సైన్యాలకు దగ్గరగా ఉండవలసి రావడంతో మిలాన్, ట్రియర్, సిర్మియం వంటి ఊళ్లు కళకళలాడాయి, రోమ్ నగరంలో చక్రవర్తి కాపురమే లేకుండా పోయింది. రాష్ట్రాలను చిన్నవి చేసి, వాటిని గుత్తులుగా కూర్చిన డయోక్లీషియన్ పాలనా విభాగాలనే తరువాతి కాలంలో చర్చి తన హద్దులకు ఆధారంగా తీసుకుంది. తనను అణచాలని చూసిన ప్రభుత్వపు పటం మీదే చర్చి తన ఇల్లు కట్టుకుందన్న మాట.

కాన్‌స్టాంటైన్ 324లో లిసీనియస్‌ను ఓడించి ఏకైక చక్రవర్తి అయి, మరుసటి ఏడు నైసియాలో బిషప్పుల మహాసభ జరిపించి, 330 మే 11న బోస్ఫరస్ తీరాన కొత్త రాజధానిని ప్రతిష్ఠించాడు. ఆ ఊరికి అపొస్తలుల నాటి చరిత్ర లేదు. పేతురు, పౌలుల సమాధులు రోమ్‌లో ఉన్నాయి. ఉన్నదల్లా చక్రవర్తి నివాసం. 381లో అక్కడే జరిగిన మహాసభ మూడో నిబంధనలో, కాన్‌స్టాంటినోపుల్ కొత్త రోమ్ కనుక దాని బిషప్పుకు రోమ్ బిషప్పు తరువాతి గౌరవస్థానం దక్కాలని రాసింది. 451లో కాల్సిడన్ మహాసభ 28వ నిబంధన మరో అడుగు ముందుకు వేసింది. పాత రోమ్‌కు పెద్దలు ప్రాధాన్యం ఇచ్చింది అది రాజనగరం కావడం వల్లనే గనుక, చక్రవర్తీ సెనేటూ కొలువున్న కొత్త రోమ్‌కు కూడా సమాన గౌరవం న్యాయమేనని అది తీర్మానించింది. పోపు మొదటి లియో ఆ సభ చేసిన సిద్ధాంత నిర్ణయాన్ని ఆమోదించి, ఈ నిబంధనను మాత్రం తోసిపుచ్చాడు.

ఆయన కోపానికి కారణం రెండో స్థానంలోకి ఎవరు వచ్చారన్నది మాత్రమే కాదు. రాజధాని కావడం వల్ల రోమ్‌కు పెద్దరికం వచ్చిందని ఒప్పుకుంటే, రాజధాని పోయిన రోజున పెద్దరికమూ పోతుంది. రోమ్ వాదన ప్రకారం దాని హోదా పేతురు నుంచి వచ్చింది. ఏ చక్రవర్తి ఇచ్చిందీ కాదు, ఏ చక్రవర్తి తీసేయగలిగిందీ కాదు. తూర్పున మాత్రం చర్చి పటం రాజ్యపటాన్ని అనుసరించడం మామూలు వ్యవహారం. ఈ రెండు సూత్రాలూ ఒక్క చక్రవర్తి నీడలో ఉన్నంతకాలం సర్దుకుపోయాయి. ఇద్దరు పాలకుల హద్దు మీద ఉన్న నేల విషయంలోనే వాటికి పొసగలేదు.

ఇల్లీరికంలో జరిగింది సరిగ్గా అదే. బాల్కన్ ప్రాంతంలో డేసియా, మాసిడోనియా పాలనా విభాగాలు థియొడోసియస్ తరువాత తూర్పు ప్రభుత్వం కిందికి పోయాయి, అక్కడి చర్చిలు మాత్రం రోమ్ పరిధిలోనే ఉండిపోయాయి. పన్నులు కాన్‌స్టాంటినోపుల్‌కు, మతపరమైన అప్పీళ్లు రోమ్‌కు వెళ్లే ఈ ఏర్పాటును నిలుపుకోవడానికి పోపులు థెస్సలొనీకి బిషప్పును తమ ప్రతినిధిగా పెట్టుకున్నారు. 421లో రెండో థియొడోసియస్ ఆ ప్రాంతపు మతవివాదాలు కాన్‌స్టాంటినోపుల్ బిషప్పుకు తెలియకుండా తేలకూడదని చట్టం చేస్తే, పోపు పశ్చిమ చక్రవర్తి హొనోరియస్‌తో చెప్పించి దాన్ని అడ్డుకున్నాడు. ఆ చట్టం కాగితంపైనే మిగిలింది గాని, అది రేపిన ప్రశ్న చల్లారలేదు.

పశ్చిమాన ఇంతలో ప్రభుత్వమే కనుమరుగైంది. 410లో గోతుల నాయకుడు అలారిక్, 455లో వాండల్ రాజు గెయిసెరిక్ రోమ్‌ను దోచారు. 476లో ఒడోవాకర్ చివరి బాలచక్రవర్తి రోములస్‌ను దింపేసి, రాజచిహ్నాలను తూర్పు చక్రవర్తి జీనోకు పంపించేశాడు. నగరానికి తిండిగింజలు సమకూర్చడం, శత్రువులతో సంధి మాట్లాడడం వంటి పనులు ఒక్కొక్కటిగా బిషప్పు చేతికి వచ్చాయి. 452లో మాంటువా దగ్గర హూణుల రాజు అటిలాతో మాట్లాడడానికి వెళ్లిన దౌత్యబృందంలో పోపు లియో ఉండడం ఈ మార్పుకు తొలి గుర్తు. తూర్పున పేట్రియార్క్, అంటే కాన్‌స్టాంటినోపుల్ పెద్ద బిషప్పు, ఎంత గొప్పవాడైనా చక్రవర్తి ఇంటిపక్కన ఉండేవాడు. నచ్చకపోతే చక్రవర్తి అతన్ని మార్చేసేవాడు. రోమ్ బిషప్పుకు అటువంటి పొరుగు లేదు. 494లో పోపు గెలాసియస్ చక్రవర్తి అనస్తాసియస్‌కు ఉత్తరం రాస్తూ, లోకాన్ని ఏలేవి రెండనీ, ఒకటి బిషప్పుల పవిత్రాధికారం, మరొకటి రాజాధికారమనీ, దైవవిచారణలో రాజుల తరఫున కూడా జవాబు చెప్పవలసింది యాజకులే కనుక వారి బాధ్యతే బరువైనదనీ అన్నాడు. రోమ్‌లో చక్రవర్తి కొలువుండి ఉంటే ఈ మాట అనడం అంత తేలికయ్యేది కాదు.

భాష కూడా దూరాన్ని పెంచింది. 6వ శతాబ్దం చివర పోపు అయిన మహా గ్రెగరీ అంతకుముందు కొన్నేళ్లు కాన్‌స్టాంటినోపుల్‌లో రోమ్ రాయబారిగా ఉన్నవాడు. అయినా తనకు గ్రీకు రాదని ఉత్తరాల్లో రాసుకున్నాడు. అటువైపు లాటిన్ చట్టపుస్తకాల భాషగా కుంచించుకుపోయి, 7వ శతాబ్దానికి ప్రభుత్వ వ్యవహారం కూడా గ్రీకులోకి మారిపోయింది. ఒకరి వేదాంత గ్రంథాలు ఇంకొకరు అనువాదాల్లో, అదీ అరకొరగా, చదువుకునే పరిస్థితి ఏర్పడింది.

మొదటి శాశ్వత చీలిక తూర్పు పడమరల మధ్య కాక తూర్పులోనే వచ్చిందన్న సంగతి తరచు మరుగున పడుతుంది. క్రీస్తు స్వభావం గురించి 451 కాల్సిడన్ సభ చేసిన నిర్ణయాన్ని ఈజిప్టు కోప్టులు, సిరియనులు, ఆర్మేనియన్లు తిరస్కరించారు. పర్షియాలో ఉన్న తూర్పు సంఘం అంతకుముందే వేరుగా నడుస్తోంది. కేరళలోని తోమా క్రైస్తవులకు శతాబ్దాల పాటు బిషప్పులు వచ్చింది ఆ సంఘం నుంచే. తెలుగునాట ఉన్న ఆర్.సి.ఎం., లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలన్నీ పశ్చిమ శాఖ వేళ్ల నుంచి వచ్చినవే కనుక, ఈ తూర్పు కథ ఇక్కడ పెద్దగా వినబడదు. కాల్సిడన్‌ను కాదన్నవారిని చక్రవర్తులు రాజీలతోనూ బలప్రయోగంతోనూ దారికి తేబోయారు. అలాంటి ఒక రాజీ ప్రకటన కారణంగానే 484 నుంచి 519 దాకా రోమ్, కాన్‌స్టాంటినోపుల్‌ల మధ్య 35 ఏళ్ల తెగతెంపులు నడిచాయి. 640ల నాటికి జెరూసలేం, అంతియొకయ, అలెగ్జాండ్రియా అరబ్బుల ఏలుబడిలోకి వెళ్లిపోయాయి. అయిదుగురు పెద్ద బిషప్పుల పంచాయితీలో ముగ్గురి గొంతు సన్నగిల్లింది. మధ్యవర్తులు లేని ఇద్దరు ఎదురెదురుగా మిగిలారు.

8వ శతాబ్దంలో పాత గొడవ మళ్లీ రగిలింది, ఈసారి డబ్బుతో సహా. చక్రవర్తి మూడో లియో పన్నులు పెంచాడు, క్రీస్తు, పరిశుద్ధుల పటాలను పూజించడాన్ని నిషేధించాడు, పోపులు రెండింటినీ ఎదిరించారు. ఫలితంగా సిసిలీ, కలాబ్రియాలలో రోమ్ చర్చికి ఏటా ముట్టే మూడున్నర టాలెంట్ల బంగారం ప్రభుత్వ ఖజానాకు మళ్లింది. ఇల్లీరికంతో పాటు ఆ ప్రాంతాల చర్చిలు కూడా కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ కిందికి పోయాయి. ఇది 733 ప్రాంతంలో జరిగిందని కొందరు, ఆ తరువాతి దశాబ్దాల్లోనని మరికొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఎప్పుడు జరిగినా రోమ్ దాన్ని మరచిపోలేదు. 751లో లొంబార్డులు రవెన్నాను పట్టుకున్నప్పుడు చక్రవర్తి సైన్యం రాలేదు. 753 చివర పోపు రెండో స్టీఫెన్ ఆల్ప్స్ దాటి వెళ్లి, 754లో ఫ్రాంకుల రాజు పెపిన్ శరణు కోరాడు. 800 క్రిస్మస్ నాడు మూడో లియో పోపు షార్లమేన్ తలమీద చక్రవర్తి కిరీటం పెట్టాడు. కాన్‌స్టాంటినోపుల్ దృష్టిలో అది సామ్రాజ్యద్రోహం. రోమ్ దృష్టిలో, కాపాడలేని యజమానిని వదిలి కాపాడేవాడిని వెతుక్కోవడం.

బల్గేరియా కథ ఈ వ్యవహారానికంతటికీ అద్దం. అక్కడి ఖాన్ బోరిస్ 864 ప్రాంతంలో, సరిహద్దున బైజాంటైన్ (తూర్పు రోమన్) సైన్యం నిలిచి ఉండగా, గ్రీకు గురువుల చేత బాప్తిస్మం తీసుకున్నాడు. తన దేశానికి సొంత పేట్రియార్క్ కావాలని అడిగాడు. కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ ఫోషియస్, ఆ కాలపు మహాపండితుడు, ఆదర్శరాజు ఎలా ఉండాలో వివరిస్తూ సుదీర్ఘమైన లేఖ పంపాడు గాని పేట్రియార్క్‌ను ఇవ్వలేదు. 866లో బోరిస్ రోమ్‌కు మనుషులను పంపి పెద్ద ప్రశ్నల పట్టీ ముందుపెట్టాడు. పోపు మొదటి నికోలస్ 106 జవాబులు రాయించాడు. బుధ, శుక్రవారాల్లో స్నానం చేయకూడదని గ్రీకులంటున్నారు, నిజమేనా? చేయవచ్చు. మా వాళ్లు లాగులు తొడుక్కోవచ్చా? తొడుక్కోండి, అది పాపం పుణ్యం లెక్కలోది కాదు. యుద్ధానికి గుర్రపుతోక జెండాగా పట్టవచ్చా? దాని బదులు సిలువ పట్టండి. పేట్రియార్క్ మాట? ముందు ఒక బిషప్పుతో మొదలుపెడదాం, తరువాత చూద్దాం. వేదాంతం అక్కర్లేని కొత్త క్రైస్తవ రాజుకు ఏం కావాలో నికోలస్ గ్రహించాడనే చెప్పాలి.

నికోలస్‌కు బల్గేరియా మీద ఆసక్తి కేవలం మతప్రచారానిది కాదు. ఆ రాజ్యంలో మంచి భాగం పాత ఇల్లీరికం నేల. ఫోషియస్ నియామకం చెల్లుతుందా అన్న వివాదం తన ముందుకు వచ్చినప్పుడు, 860లో చక్రవర్తికి రాసిన లేఖలోనే ఆయన థెస్సలొనీకి ప్రాతినిధ్యాన్నీ, ఇల్లీరికం, కలాబ్రియా, సిసిలీ హక్కులనూ తిరిగి ఇమ్మని అడిగాడు. ఒక వ్యక్తి ఎన్నిక న్యాయమా కాదా అన్న ప్రశ్నతో వందేళ్ల పైబడిన భూమి దావా ఒకే లేఖలో కలిసి వచ్చింది.

867లో ఫోషియస్ తూర్పు పేట్రియార్కులకు రాసిన లేఖలో బల్గేరియాలోని లాటిన్ ప్రచారకుల తప్పులను ఏకరువు పెట్టాడు. శనివారం ఉపవాసం, పెళ్లయిన పాదిరులను ఈసడించడం వంటి వాటితో పాటు, పరిశుద్ధాత్మ కుమారుని నుంచి కూడా బయలుదేరుతాడని చెప్పడం అందులో అన్నిటికంటే పెద్ద నేరం. విశ్వాస ప్రమాణానికి, అంటే ఆరాధనలో అందరూ కలిసి చెప్పే నమ్మకాల పాఠానికి, పశ్చిమంలో కలిపిన ఈ చేర్పు అప్పటికి కొత్తది కాదు. స్పెయిన్‌లో 589 టొలెడో సభ నాటి నుంచే, కుమారుణ్ణి తండ్రి కంటే తక్కువ చేసే ఏరియన్ బోధకు విరుగుడుగా, ఈ భావన వ్యాపిస్తూ ఉంది. షార్లమేన్ దేవాలయంలో పాడుతూ ఉన్నారు. 9వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాంకులు ఒత్తిడి చేసినా పోపు మూడో లియో రోమ్‌లో దాన్ని ప్రమాణంలోకి చేర్చనివ్వక, చేర్పు లేని పాత పాఠాన్ని గ్రీకు, లాటిన్ భాషల్లో వెండి పలకల మీద చెక్కించాడు. అంటే సిద్ధాంతం విషయం ఏమైనా, పాఠం విషయంలో అప్పటి రోమ్, ఫోషియస్ పక్షాన ఉన్నట్టే. రోమ్ దాన్ని ప్రార్థనలో చేర్చుకోవడం 1014లో, జర్మన్ రాజు రెండో హెన్రీ కిరీటధారణ సందర్భంగా జరిగిందని చెబుతారు.

చివరికి 870లో కాన్‌స్టాంటినోపుల్‌లో బల్గేరియా దూతలను అడిగిన ప్రశ్న చాలా సాదాగా ఉంది: మీరు ఆ దేశాన్ని గెలిచినప్పుడు అక్కడున్న పాదిరులు గ్రీకులా, లాటిన్లా? గ్రీకులేనని జవాబు. పోపు ప్రతినిధులు ఇల్లీరికం పాత హక్కులు చూపి అభ్యంతరం చెప్పినా లాభం లేకపోయింది. బల్గేరియా తూర్పు చర్చిలో చేరిపోయింది. దశాబ్దం తిరక్కుండా 879–880 సభలో రోమ్, ఫోషియస్ రాజీపడ్డారు. విశ్వాస ప్రమాణానికి ఎవరూ చేర్పులు చేయరాదని ఆ సభ తీర్మానించింది. నేల తగాదా సద్దుమణిగితే వేదాంత భేదం కూడా భరించదగినదే అయింది.

దక్షిణ ఇటలీలో 1050లలో జరిగింది కూడా ఇదే తీరులో నడిచింది. అపూలియా, కలాబ్రియా బైజాంటైన్ ఏలుబడిలో ఉన్నా జనంలో లాటిన్ పద్ధతి వారూ గ్రీకు పద్ధతి వారూ కలిసి ఉండేవారు. కూలి సైనికులుగా వచ్చిన నార్మన్లు ఆ నేలను ముక్కముక్కగా కబళిస్తుండడంతో, పోపు తొమ్మిదో లియో, బైజాంటైన్ గవర్నరు అర్గీరస్ కలిసి వారిని నిలువరించాలనుకున్నారు. ఈ పొత్తు పేట్రియార్క్ మైకేల్ సెరులారియస్‌కు నచ్చలేదు. లాటిన్ పద్ధతి పాటించే అర్గీరస్‌తో ఆయనకు పాత పగ ఉంది. పైగా పొత్తు ఫలిస్తే దక్షిణ ఇటలీ చర్చిల మీద రోమ్ పట్టు పెరుగుతుంది. 1053లో ఓహ్రిడ్ ఆర్చిబిషప్పు లియో, అపూలియాలోని ట్రానీ బిషప్పుకు రాసిన లేఖ పులియని రొట్టె వాడకాన్ని యూదు ఆచారమని దుయ్యబట్టింది. ఓహ్రిడ్ 1018లో బైజాంటియం జయించిన పాత బల్గేరియా పీఠం. ఒక వివాదాస్పద నేల నుంచి ఇంకొక వివాదాస్పద నేలకు వెళ్లిన ఆ లేఖతోనే రొట్టె గొడవ రాజుకుంది. ఆ జూన్‌లోనే చివిటాటే యుద్ధంలో నార్మన్లు పోపు సైన్యాన్ని చిత్తు చేసి ఆయన్నే బందీగా పట్టుకున్నారు.

1054లో కాన్‌స్టాంటినోపుల్‌కు వచ్చిన పోపు దూతల నాయకుడు కార్డినల్ హంబర్ట్, సెరులారియస్ ఇద్దరూ మెట్టు దిగే రకం కాదు. చక్రవర్తి తొమ్మిదో కాన్‌స్టాంటైన్‌కు నార్మన్ల మీద పోపు సాయం కావాలి, అందుకని ఆయన దూతలను బుజ్జగిస్తూ వచ్చాడు. పేట్రియార్క్ వారి ముఖం చూడడానికే ఇష్టపడలేదు. జులై 16, శనివారం, హేగియా సోఫియాలో ఆరాధనకు అంతా సిద్ధమవుతుండగా హంబర్ట్ లోపలికి వచ్చి, సెరులారియస్‌ను, ఆయన అనుచరులను వెలివేస్తున్నట్టు రాసిన పత్రాన్ని బలిపీఠం మీద పెట్టి, కాళ్ల దుమ్ము దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ పత్రం కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తినీ ప్రజలనూ సద్భక్తులని మెచ్చుకుంది. విశ్వాస ప్రమాణం నుంచి ‘కుమారుని నుంచి’ అన్న మాటను గ్రీకులు తీసేశారని కూడా ఆరోపించింది. చేర్చినవారు అవతలివారే తీసేశారనడం, చరిత్ర తెలియక చేసిన పొరపాటే అయినా, అప్పటికి రెండు వైపుల మధ్య ఎంత అజ్ఞానం పేరుకుందో చెబుతుంది. హంబర్ట్‌ను పంపిన పోపు ఏప్రిల్ 19నే చనిపోయాడు కనుక దూతల అధికారమే సందేహాస్పదం. వారం దాటాక, జులై 24న తూర్పు సభ ఆ పత్రాన్నీ దాన్ని తెచ్చినవారినీ వెలివేసింది. రోమ్ చర్చిని వెలివేయలేదు. అంతియొకయ పేట్రియార్క్ మూడో పీటర్, గడ్డాలు గీయించుకోవడం వంటి చిల్లర నేరాలను పట్టించుకోవద్దని సెరులారియస్‌కు నచ్చజెప్పాడు.

రోమ్ వెంటనే దారి మార్చుకుంది. 1059లో పోపు రెండో నికోలస్ అదే నార్మన్లను సామంతులుగా స్వీకరించి, రాబర్ట్ గిస్కార్డ్‌కు అపూలియా, కలాబ్రియా, ఇంకా గెలవని సిసిలీ కూడా రాసిచ్చాడు. 1071లో బారీ పడిపోవడంతో ఇటలీలో బైజాంటియం కథ ముగిసింది. 8వ శతాబ్దంలో చక్రవర్తి ఆజ్ఞతో పోయిన దక్షిణ ఇటలీ చర్చిలు నార్మన్ కత్తితో రోమ్‌కు తిరిగి వచ్చాయి.

ఇంతవరకు జరిగినదంతా మతపెద్దల మధ్య తగవు. దాన్ని సామాన్య జనం గుండెల్లోకి ఎక్కించింది 1204. పశ్చిమం నుంచి బయలుదేరిన నాలుగో క్రూసేడు (మతయుద్ధం) సైన్యం ఏప్రిల్‌లో కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టి మూడు రోజులు దోచింది. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి కంచు గుర్రాలు ఆ దోపిడీ సొత్తే. వెనిస్‌కు చెందిన తొమాసో మొరొసీనిని పేట్రియార్క్ పీఠం మీద కూర్చోబెట్టారు. గ్రీకు క్రైస్తవుడికి ఆ రోజు నుంచి రోమ్ అంటే విశ్వాస ప్రమాణంలో ఒక పదం కాదు, తన ఇంట్లో జొరబడిన పరాయి బిషప్పు. 57 ఏళ్ల తరువాత 1261లో నగరం తిరిగి గ్రీకుల చేతికి వచ్చింది గాని, నమ్మకం రాలేదు. 1274లో లియోన్‌లో, 1439లో ఫ్లోరెన్స్‌లో చక్రవర్తులు సైనిక సాయం కోసం రెండు చర్చిల ఏకీకరణకు ఒప్పుకున్నారు. రెండుసార్లూ జనమూ సన్యాసులూ ఒప్పుకోలేదు. ఫ్లోరెన్స్ ఒప్పందాన్ని మోసుకొచ్చిన కీవ్ మెట్రోపాలిటన్ (రష్యన్ చర్చి పెద్ద బిషప్పు) ఇసిడోర్‌ను మాస్కోలో బంధించారు. 1448లో రష్యన్ బిషప్పులు కాన్‌స్టాంటినోపుల్‌ను అడగకుండానే సొంత మెట్రోపాలిటన్‌ను ఎన్నుకున్నారు. 1452 డిసెంబరు 12న హేగియా సోఫియాలో ఏకీకరణను ప్రకటించారు. మరుసటి ఏడు మే 29న నగరం ఆటోమన్ల వశమైంది.

డయోక్లీషియన్ గీత నేటి బాల్కన్ పటంలో కనిపిస్తుందని, డ్రీనా నదికి అటు కాథలిక్ క్రొయేషియా, ఇటు ఆర్థొడాక్స్ సెర్బియా అని చెప్పడం రివాజు. అందులో కొంత నిజం ఉన్నా, స్లావుల వలసలు, ఆటోమన్ల కాలంలో జనం చెదిరిపోవడం, ఇస్లాం వ్యాప్తి ఆ గీతను ఎన్నోసార్లు చెరిపి గీశాయి. నదిని చూపించి చరిత్ర తేల్చేయడం తొందరపాటే. నిలిచి ఉన్నది గీత కాదు, హద్దు మీది చర్చి ఎవరిదన్న వ్యాజ్యం. 1596 బ్రెస్ట్ ఒప్పందంతో పోలండ్-లిథువేనియా రాజ్యంలోని ఆర్థొడాక్స్ బిషప్పులు చాలామంది తమ ఆరాధన పద్ధతి నిలుపుకుంటూనే పోపును అంగీకరించారు. నేటి ఉక్రెయిన్ గ్రీకు కాథలిక్ సంఘం అందులోంచి వచ్చింది, మాస్కోకు ఇప్పటికీ అది కంట్లో నలుసే.

1965 డిసెంబరు 7న పోపు ఆరో పాల్, పేట్రియార్క్ అథెనగోరస్ 1054 నాటి వెలివేతలను ఉభయపక్షాలా రద్దు చేశారు. 2001లో ఏథెన్స్‌లో పోపు రెండో జాన్ పాల్ 1204 దోపిడీకి దేవుని క్షమాపణ వేడుకున్నాడు. 2007లో ఇరుపక్షాల వేదాంతులు రవెన్నాలో కూర్చుని, తొలి శతాబ్దాల్లో రోమ్ బిషప్పు బిషప్పులందరిలో మొదటివాడేనని ఒప్పుకున్నారు. ఆ మొదటి స్థానానికి ఉన్న అధికారం ఎంతన్నది తేలలేదు. ఆ సభ నుంచి రష్యన్ ప్రతినిధులు మధ్యలోనే లేచిపోయారు. కారణం రోమ్ కాదు, పరిశుద్ధాత్మా కాదు. ఎస్టోనియాలోని ఆర్థొడాక్స్ సంఘం మాస్కో కిందిదా, కాన్‌స్టాంటినోపుల్ కిందిదా అన్న తగాదా. 2018 అక్టోబరులో ఉక్రెయిన్ మీద అదే ప్రశ్న లేచినప్పుడు, మాస్కో పేట్రియార్కేటు కాన్‌స్టాంటినోపుల్‌తో సహవాసాన్ని తెంచుకుంది. ఆ రెండింటి విశ్వాస ప్రమాణంలో ఒక్క అక్షరం తేడా లేదు.